బొమ్మ అని పక్కన పెట్టకండి



పోయిన సంవత్సరం ఒక సైన్సు ప్రదర్శనకు నేనూ, ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడూ ఒక రిమోట్ కారును తీసుకుపోయాం. అట్టపెట్టెలో పాత చీరముక్క పరిచి, దాని మీద కారు పెట్టి, బస్సులో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకొని పోయాం. పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన పెట్టెలోకి తొంగి చూసి, "బొమ్మలకు ఇక్కడ చోటు లేదమ్మా, ప్రాజెక్టు ఉంటే తీసుకురా" అన్నారు. చాలాసేపు బతిమాలితే ఒక మూలన చిన్న బల్ల ఇచ్చారు.

మా తప్పు కూడా ఉంది, దాచను. చూడవచ్చిన పిల్లలు "పోనీ, పోనీ" అని అరిచేసరికి మా తమ్ముడు ఉత్సాహం ఆపుకోలేక కారును హాలులో పోనిచ్చాడు. అది పక్క బల్ల కాలికి తగిలి, బల్ల మీదున్న నీళ్ళ గిన్నె ఒలికింది. ఇంకేముంది! "చూశారా, నేను చెప్పలేదా, బొమ్మ అని" అన్నారు ఆ పెద్దాయన. కారును పెట్టెలో పెట్టేయమన్నారు. మేము రాసుకుపోయిన మూడు చార్టులు ఎవరూ చదవనేలేదు.

మా పక్క బల్ల మీద థర్మోకోల్ అగ్నిపర్వతం ఉండింది. అంగట్లో పెట్టెగా అమ్ముతారు చూడండి, అది. సోడా పొడి, వెనిగర్ పోస్తే నురగ వస్తుంది. దానికి బహుమతి వచ్చింది. ఆ పిల్లలంటే నాకు కోపం లేదు, వాళ్ళు మంచివాళ్ళే, ఒలికిన నీళ్ళు తుడవడానికి మాకు సాయం కూడా చేశారు. నా కోపమంతా ఒక ఆలోచన మీద. కొన్న దానిని ప్రాజెక్టు అనీ, బాగుచేసిన దానిని బొమ్మ అనీ పిలిచే ఆలోచన మీద. సాయంకాలం బస్సులో తిరిగి వస్తుంటే మా తమ్ముడు, "అక్కా, మనది బొమ్మేనా?" అని అడిగాడు. ఇంటికి వచ్చి కారును అటక మీద పెట్టేశాడు. రెండు నెలలు దించలేదు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను.

బొమ్మకూ బండికీ తేడా ఏమిటి?

ముందు ఆ కారు మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా అమ్మ బెంగళూరు దారిలో ఒక అపార్టుమెంటులో వంట పని చేస్తుంది. అక్కడ ఒకరి ఇంట్లో పాడైపోయి పారేయబోతుంటే అమ్మ అడిగి తెచ్చింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కమ్మీ విరిగిపోయి ఉంది. ఎడమకూ కుడికీ తిరగడం లేదు. బ్యాటరీ చచ్చిపోయింది. మా అవ్వ చూసి, "వాళ్ళింటి చెత్త మనింటికి ఎందుకు తెస్తివే?" అనింది.

మా నాయన హోసూరులో బైకు మెకానిక్కు. వయసులో ఉన్నప్పుడు లారీ షెడ్డులో పనిచేశాడు. ఆయన కారును తిప్పి చూసి, అడుగున నాలుగు స్క్రూలు విప్పి, లోపలికి చూసి నవ్వినాడు. "ఏమ్మే, ఇది బొమ్మ కాదు. దీంట్లో అన్నీ ఉండాయి. షాకబ్జర్ ఉండాది, గేర్లు ఉండాయి, క్రౌన్ ఉండాది. చిన్నదిగా ఉండే బండే ఇది" అన్నాడు.

అప్పుడే నాకు తేడా తెలిసింది. తిరునాళ్ళలో అమ్మే రిమోట్ కారు లోపల అంతా ఒకే ప్లాస్టిక్కు ముద్ద. అతుకులు జిగురుతో అంటించి ఉంటాయి. చక్రం విరిగితే కారే పోయినట్టు. పోటీల కోసం చేసే చిన్న కారు అట్లా కాదు. ప్రతి ముక్కా విడిగా విప్పవచ్చు. ఒక్కో ముక్క విడిగా దొరుకుతుంది, కాబట్టి ఒక్కటి పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. కొన్ని కార్లు ముక్కలుగానే పెట్టెలో వస్తాయి, మనమే కూర్చుకోవాలి.

అందుకే నేను ఒక పరీక్ష పెడుతున్నాను. విప్పితే తిరిగి బిగించగలమా? పాడైతే ఎందుకు పాడైందో కనుక్కోగలమా? కనుక్కొని బాగుచేయగలమా? ఈ మూడింటికీ అవును అంటే అది బండి. కాదు అంటే అది బొమ్మ. ఈ పరీక్షలో ఆ రోజు బహుమతి తీసుకున్న అగ్నిపర్వతం బొమ్మ అవుతుంది, మా కారు బండి అవుతుంది.

ఇదేదో మా ఇంట్లో పుట్టిన మాట కాదు. తీగ లేకుండా దూరం నుంచి నడిపే మొదటి వస్తువుల్లో ఒకదాన్ని చేసినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కులో నీళ్ళ తొట్టిలో చిన్న పడవను రేడియో అలలతో నడిపి చూపించాడు. అదీ చూడటానికి బొమ్మ పడవలాగానే ఉండి ఉంటుంది. 1966లో ఇటలీలో ఒక సంస్థ 1:12 కొలతలో ఫెరారి కారు నమూనాను రేడియోతో నడిచేటట్టు చేసి అమ్మింది. జపాన్‌లోని షిజువోకాలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా సంస్థ 1976లో 1:12 కొలతలో పోర్షె 934 నమూనాను తెచ్చింది. ఆ చిన్న కారు సరిగ్గా రావాలని వాళ్ళు నిజమైన పోర్షె 911 కారునే కొని, ముక్కముక్కగా విప్పి చూశారు. చిన్న కారు కోసం పెద్ద కారును విప్పినవాళ్ళ పనిని ఆట అని కొట్టిపారేయగలమా? 1999లో జపాన్‌లోనే క్యోషో సంస్థ మినీ-జెడ్ అని అరచేతిలో పట్టేంత కారును, సుమారు 1:28 కొలతలో, తెచ్చింది. దానికి మైదానం కూడా అక్కర్లేదు, ఒక హాలు చాలు.

పైగుల్ల ఎత్తి చూడండి

ఆ రోజు ప్రదర్శనలో మేము చేసిన అసలు తప్పు ఏమిటంటే, వేగం చూపించాం, లోపల ఏముందో చూపించలేదు. అందుకని ఇప్పుడు ఇక్కడ పైగుల్ల ఎత్తి చూపిస్తాను. మన పుస్తకాల్లోని పాఠాలు ఎన్ని బయటపడతాయో మీరే లెక్కపెట్టుకోండి.

మొదటిది రేడియో. చేతిలో ఉండేది ట్రాన్స్‌మిటర్, కారులో ఉండేది రిసీవర్. పాతకాలం కార్లు ఎక్కువగా 27 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర నడిచేవి. లోపల చిన్న క్రిస్టల్ ఉండేది. ఇద్దరి దగ్గర ఒకే నంబరు క్రిస్టల్ ఉంటే ఒకరి రిమోటుకు ఇంకొకరి కారు కూడా కదిలిపోయేది. అందుకని పోటీల్లో ఒక పలక పెట్టి, ఒక్కో నంబరుకు ఒక్కో క్లిప్పు పెట్టేవాళ్ళు. ఆ క్లిప్పు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే రిమోటు ఆన్ చేయాలి. ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వచ్చింది, అంటే మన వైఫై, బ్లూటూత్ నడిచే చోటే. రిమోటూ కారూ ముందుగా జత కట్టుకుంటాయి, ఇంకొకరి మాట వినవు. పౌనఃపున్యం అనే మాటను నేను ఎన్నోసార్లు పరీక్షలో రాశాను. ఒకే పౌనఃపున్యంలో రెండు ఉంటే ఏమవుతుందో ఈ కారు వల్లే అర్థమైంది.

రెండోది సర్వో. ముందు చక్రాలను ఎడమకూ కుడికీ తిప్పేది ఇదే. రిసీవర్ దీనికి సెకనుకు సుమారు 50 సార్లు ఒక చిన్న విద్యుత్ స్పందనం పంపుతుంది. ఆ స్పందనం 1.5 మిల్లీసెకన్లు ఉంటే చక్రాలు నేరుగా ఉంటాయి. 1 మిల్లీసెకను వైపు తగ్గితే ఒక పక్కకు, 2 మిల్లీసెకన్ల వైపు పెరిగితే ఇంకో పక్కకు తిరుగుతాయి. సర్వో లోపల ఒక చిన్న మోటారు, కొన్ని గేర్లు, పాత రేడియోలో సౌండు పెంచే బిళ్ళ కింద ఉండేలాంటి ఒక పొటెన్షియోమీటరు ఉంటాయి. "నేను ఇప్పుడు ఎక్కడున్నాను, ఎక్కడుండాలి" అని అది ఎప్పుడూ సరిచూసుకుంటూ ఉంటుంది. మా కారులో పోయింది దీని గేరే. ఒక పన్ను విరిగి ఉంది. బెంగళూరులో ఎస్.పి. రోడ్డుకు నాయనతో పోయి కొత్త సర్వో కొన్నాం.

మూడోది మోటారు, గేర్లు. మోటారుకు బిగించిన చిన్న గేరును పినియన్ అంటారు, మా కారులో దానికి 20 పళ్ళు. అది తిప్పే పెద్ద గేరుకు 60 పళ్ళు. అంటే మోటారు 3 చుట్లు తిరిగితే పెద్ద గేరు 1 చుట్టు. అక్కడినుంచి చక్రానికి పోయేసరికి ఇంకో 2.6 వంతులు తగ్గుతుంది. 3ను 2.6తో గుణిస్తే 7.8. మోటారు నిమిషానికి 15,600 చుట్లు తిరుగుతుందనుకుంటే చక్రం 2,000 చుట్లు తిరగాలి. చక్రం చుట్టుకొలత సుమారు 20 సెంటీమీటర్లు. అంటే నిమిషానికి 400 మీటర్లు, గంటకు 24 కిలోమీటర్లు.

ఇది కాగితం మీది లెక్క. ఒక ఆదివారం మైదానంలో సుద్దముక్కతో 20 మీటర్లు కొలిచి గీతలు గీశాం. కారు బాగా వేగం అందుకున్నాక మొదటి గీత దాటేటట్టు చూసి, ఫోనులో సమయం పట్టాం. ఐదుసార్లు పట్టి సగటు తీస్తే 3.6 సెకన్లు వచ్చింది. అంటే గంటకు 20 కిలోమీటర్లు. మరి ఆ 4 కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? ఘర్షణలో కొంత, గాలిలో కొంత, బరువు పడితే మోటారు చుట్లు తగ్గడంలో కొంత. పినియన్ మార్చి 16 పళ్ళది వేస్తే లెక్కలో వేగం 19.2కు దిగుతుంది, కానీ తోపు పెరుగుతుంది, మట్టిలో బాగా పోతుంది. చంద్రచూడేశ్వరస్వామి కొండ ఎక్కేటప్పుడు నాయన బైకు గేరు ఎందుకు తగ్గిస్తాడో అప్పుడు తెలిసింది. మోటారు, గేర్లు, నిష్పత్తి, సగటు, ఘర్షణ. ఒక్క ఆదివారంలో ఇన్ని పాఠాలు. ఇది ప్రాజెక్టు కాకపోతే ఇంకేది ప్రాజెక్టు?

నాలుగోది నాకు అన్నింటికన్నా ఇష్టమైనది, డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం 50 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో తిరిగిందనుకోండి. రెండు చక్రాల మధ్య దూరం 16 సెంటీమీటర్లయితే బయటి చక్రం 66 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో తిరగాలి. అర్ధవృత్తం తిరిగేసరికి లోపలిది సుమారు 157 సెంటీమీటర్లు పోతే, బయటిది 207 పోవాలి. ఇద్దరిదీ ఒకే సమయం, దూరాలు వేరు. మా నాయన మాటల్లో చెప్తాను: "బయట చక్రం ఎక్కువ పోవల్ల, లోపల చక్రం తక్కువ పోవల్ల. రెండిట్నీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒకటి ఈడ్చుకుంటా వస్తాది. టైరు అరిగిపోతాది, బండి తిరగనంటాది." ఆ ఈడ్పు లేకుండా చేసేదే డిఫరెన్షియల్. లారీలో కుండంత ఉంటుంది, మా కారులో నిమ్మకాయంత ఉంటుంది, పని ఒకటే. ఏడో తరగతి వరకు చదివిన మా నాయన దాన్ని నాకు పది నిమిషాల్లో అర్థం చేయించాడు. మన ఊరి చుట్టూ బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీలు ఇన్ని ఉన్నాయి. మన ఇళ్ళలో ఎంతమంది నాయనలు, మామలు ఆ పనుల్లో ఉన్నారు! వాళ్ళకు తెలిసినది బడిలోకి రావడానికి ఒక దారి కావాలి. ఆ దారి ఇంత చిన్న కారు కావచ్చు.

అనేవాళ్ళకు జవాబు

"డబ్బున్నవాళ్ళ ఆట ఇది" అని మొదటి మాట. ఇందులో నిజం ఉంది. కొత్తది కొంటే వేలల్లో అవుతుంది, పెద్ద పోటీల కార్లకు ఇంకా చాలా అవుతుంది. మా అమ్మ జీతంతో నేను అట్లాంటిది అడగను, మీరూ మీ ఇళ్ళలో అడగొద్దు. మా లెక్క చెప్తాను: సర్వో 450, బ్యాటరీ 1,400, వైర్లూ జిగురూ 90. మొత్తం 1,940 రూపాయలు, అదీ నాలుగు నెలల్లో కొంచెం కొంచెంగా. విరిగిన కమ్మీని నాయన అల్యూమినియం పట్టీ కోసి, ఆకురాయితో రుద్ది చేశాడు, దానికి డబ్బు కాలేదు. మరి అంగట్లో కొన్న థర్మోకోల్ ప్రాజెక్టుకు డబ్బు కాదా? ప్రదర్శన అయిన మరుసటి రోజు అవన్నీ చెత్తకుప్పలో చూశాను. మా కారు ఇంకా నడుస్తోంది.

అసలు ఇంటికొక కారు ఎందుకు? బడికి ఒకటి చాలు. ఇప్పుడు మేము తొమ్మిదిమందిమి ఒకే కారును నడుపుతున్నాం. ఒక్కొక్కరికీ 5 నిమిషాలు, ఎన్ని చుట్లు తిప్పితే అన్ని. అందరికీ ఒకే బండి కాబట్టి డబ్బున్నవాడి కారు గెలిచింది అనే మాటే లేదు. బ్యాటరీ 3,000 మిల్లీ ఆంపియర్ అవర్, అంటే 3 ఆంపియర్ అవర్. మోటారు సగటున 12 ఆంపియర్లు లాగితే పావుగంట వస్తుంది. పావుగంటకు ముగ్గురు. అందుకని ఆదివారానికి ముగ్గురు, మూడు ఆదివారాలకు ఒక పోటీ. ఓపిక కూడా నేర్చుకుంటున్నాం!

"చదువు పాడవుతుంది" అని రెండో మాట. ఆట వల్ల చదువు పాడైన పిల్లలు ఉన్నారు, లేరని అనను. కానీ ఫోను పట్టుకొని కారు ఆట ఆడే పిల్లవాడికి ఏమీ విరగదు, ఏమీ బాగుచేయాల్సిన పని ఉండదు. గోడకు గుద్దినా ఒక మీట నొక్కితే కొత్త కారు వస్తుంది. మా కారు గోడకు గుద్దితే ఆ రోజు ఆట అయిపోయినట్టే. విప్పాలి, చూడాలి, బిగించాలి. అందుకే మా తమ్ముడు ఇప్పుడు మలుపు ముందు వేగం తగ్గిస్తాడు. ఎన్ని సార్లు చెప్పినా విననివాడు, రెండు స్క్రూలు వెతకడానికి గంటసేపు మట్టిలో కూర్చున్నాక విన్నాడు.

"ప్రమాదం" అని మూడో మాట. దీనిని మాత్రం పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మా తమ్ముడు ఒకప్పుడు, "కారు పదో వంతు కాబట్టి 20ని పదితో గుణించు అక్కా, మనది 200 కిలోమీటర్ల వేగం" అనేవాడు. అది గొప్పలు చెప్పుకునే లెక్క. పొడవు పదో వంతయితే ఘనపరిమాణం వెయ్యో వంతు. వేగం మాత్రం వేగమే, 20 అంటే 20. మా కారు బరువు ఒకటిన్నర కిలో. ఆ వేగంలో అది చీలమండకు తగిలితే, ఒకటిన్నర కిలో రాయి ఒకటిన్నర మీటరు పైనుంచి కాలి మీద పడినంత పని. లెక్క వేసి చూపించాక మా తమ్ముడు రోడ్డు మీద నడపడం మానేశాడు. వీధిలో ముసలివాళ్ళ కాళ్ళ మధ్య కార్లు పోనిచ్చి వీడియోలు తీసే పిల్లలకు కూడా ఇదే చెప్తున్నాను: మీ వల్లే మా అందరికీ బొమ్మ అనే పేరు వస్తోంది.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. మాది నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఒక్కొక్కటి 1.2 వోల్టుల చొప్పున ఆరు గుళ్ళు, మొత్తం 7.2 వోల్టులు. లిథియం పాలిమర్ రకం ఎక్కువ శక్తి ఇస్తుంది కానీ జాగ్రత్త ఎక్కువ కావాలి. దాంట్లో ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, దానికి తగిన చార్జరే వాడాలి. ఉబ్బినా, గుచ్చుకున్నా అంటుకోవచ్చు. అందుకని పిల్లలు మొదట ఆ రకం జోలికి పోవద్దు. ఏ రకమైనా పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే చార్జి పెట్టాలి, పెట్టి నిద్రపోకూడదు. ప్రమాదం ఉందని చెప్పి దాచేస్తే పిల్లలు దొంగతనంగా చేస్తారు. ప్రమాదం ఎక్కడుందో చూపించి నేర్పితే జాగ్రత్తగా చేస్తారు. మనం ల్యాబులో ఆమ్లాన్ని దాచేయడం లేదు కదా, ఎట్లా పట్టుకోవాలో నేర్పుతున్నాం కదా.

"ఆడపిల్లకు ఎందుకు?" అని నాలుగో మాట. ఇది బడిలో అనలేదు, పెళ్ళిలో అన్నారు. నా గోళ్ళ కింద గ్రీజు చూసి ఒక అత్త, "ఈ చేతుల్ని చూస్తే ఎవరు చేసుకుంటారే?" అనింది. మా అమ్మ, "దాని చేతులతో అది సంపాదించుకుంటాదిలే వదినా" అనింది. పదో తరగతి అయినాక పాలిటెక్నిక్కులో మెకానికల్ చదవాలని నాకు ఆశ. ఆ ఆశ ఏ పాఠం వల్లా రాలేదు, ఏ ఉపన్యాసం వల్లా రాలేదు. నిమ్మకాయంత డిఫరెన్షియల్ చేతిలో పెట్టుకొని తిప్పి చూసిన రోజు వచ్చింది. ఆ కారును బొమ్మ అన్నవాళ్ళు నా ఆశను కూడా బొమ్మ అన్నట్టే నాకు వినబడింది. అందుకే ఇంత రాస్తున్నాను.

పోటీ అంటే ఇది

ఈ చిన్న కార్ల పోటీల్లో ఒక పద్ధతి ఉంది. నాకు చాలా నచ్చింది. మలుపుల దగ్గర కారు బోల్తా పడితే నడిపేవాడు పరుగెత్తిపోకూడదు. అక్కడ ఒక మనిషి నిలబడి ఉంటాడు, అతనే తిప్పి పెడతాడు. వాళ్ళను మార్షల్స్ అంటారు. ఎవరు ఆ మార్షల్స్? అప్పుడే తమ పోటీ ముగించుకున్నవాళ్ళు. నీ ఆట అయిపోయిందా, గెలిచావా, ఓడావా, ఏదైనా సరే, రిమోటు పక్కన పెట్టి, వచ్చి ఇంకొకరి కారు బోల్తా పడితే లేపి పెట్టాలి. నీతో పోటీ పడేవాడి కారునైనా సరే, వెంటనే లేపాలి. మన ఆటల దినోత్సవంలో ఓడినవాళ్ళు అలిగి ఇంటికి పోతారు, గెలిచినవాళ్ళు ఫోటోలు దిగుతారు. ఈ పద్ధతి ఒక్కటి నేర్చుకున్నా ఎంత బాగుంటుంది!

ఇంకో సంగతి. జపాన్‌కు చెందిన మసామి హిరోసాకా ఈ కార్ల పోటీల్లో 14 సార్లు ప్రపంచ విజేత అయ్యాడు. లోకంలో దీనిని పెద్దవాళ్ళు కూడా ఎంత గట్టిగా పట్టించుకుంటారో చెప్పడానికే ఈ పేరు తలచుకున్నాను. మా పోటీ అంత పెద్దది కాదు. మాది సుద్దగీతలూ, పాత నీళ్ళ పైపులూ పెట్టి చేసిన 30 మీటర్ల చుట్టు. మొదటి పోటీలో అందరికన్నా వేగంగా నడిపింది మా తమ్ముడే. 5 నిమిషాల్లో 36 చుట్లు తిప్పాడు, ఆరుసార్లు బోల్తా కొట్టాడు. గెలిచింది మాత్రం ఎప్పుడూ నోరు తెరవని ఒక అమ్మాయి, 41 చుట్లు. ఒక్కసారి కూడా బోల్తా కొట్టలేదు. ఆ రోజు అందరూ ఆమె చుట్టూ చేరి "ఎట్లా నడిపావు?" అని అడిగారు. తరగతిలో ఆమెను ఎవరూ ఏమీ అడిగింది నేను చూడలేదు.

మేము అడిగేది

చివరిగా, పెద్దల ముందు నాలుగు విన్నపాలు పెడుతున్నాను.

ఒకటి, సైన్సు ప్రదర్శనల్లో పిల్లలు తెచ్చిన వస్తువును చూసి "బొమ్మ" అనే ముందు, "ఇది ఎట్లా పనిచేస్తుందో చెప్పు" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పలేకపోతే పంపించేయండి, మేము ఏమీ అనుకోము. అదే ప్రశ్న అగ్నిపర్వతం తెచ్చినవాళ్ళను కూడా అడగండి.

రెండు, మన బడి సైన్సు గదిలో ఒక బల్ల ఇవ్వండి. ఒక్క బల్ల చాలు. స్క్రూడ్రైవర్లు, ఎల్ కీలు మా నాయన షెడ్డు నుంచి నేను తెస్తాను.

మూడు, ఇళ్ళలో మూలన పడి ఉన్న పాడైన రిమోట్ కార్లను పారేయకుండా ఆ బల్ల మీదికి పంపండి. జిగురుతో అంటించినవైనా సరే, లోపల మోటారు ఉంటుంది, గేర్లు ఉంటాయి. విప్పి చూడటానికి అవీ పనికొస్తాయి.

నాలుగు, నెలకొకసారి మన ఊరి మెకానిక్కులలో ఒకరిని, ఫ్యాక్టరీలో పనిచేసే తల్లిదండ్రులలో ఒకరిని ఆ బల్ల దగ్గరికి పిలవండి. మా నాయన బడి గేటు లోపలికి వచ్చింది రెండే రెండు సార్లు, నన్ను చేర్చడానికి ఒకసారి, తమ్ముణ్ణి చేర్చడానికి ఒకసారి. మూడోసారి డిఫరెన్షియల్ చెప్పడానికి రావాలని నా కోరిక.

కారు ఇప్పుడు అటక మీద లేదు. ఈ సంవత్సరం ప్రదర్శనకు మళ్ళీ తీసుకుపోతాం. ఈసారి పైగుల్ల తీసేసి పెడతాం, చక్రాలు నేలకు తగలకుండా కింద చెక్క ముక్క పెడతాం. హాలులో మాత్రం పోనివ్వం. మా తమ్ముడు మాటిచ్చాడు.

– పదో తరగతి విద్యార్థిని, తెలుగు మాధ్యమం